చట్టం అందరిదీ, దాని వివరణ ఎవరిది? – వాణిజ్య న్యాయ పరిశోధనలను ఉచితంగా చదవడం గురించి



కొంతకాలం కిందట మా తెలుగు సంఘం ఆఫీసుకు ఒక తమ్ముడు వచ్చాడు. సిప్కాట్ పక్కన చిన్న లేత్ వర్క్‌షాపు నడుపుతాడు. ఇద్దరు పనివాళ్లు, రెండు మెషిన్లు. ఒక పెద్ద కొనుగోలుదారు అతనికి 4 లక్షల 60 వేల రూపాయల బాకీ పడ్డాడు. ఏడాదిన్నర తిరిగి తిరిగి, చివరికి సగానికంటే కాస్త ఎక్కువ తీసుకుని, "ఇక మాకు ఏ బాకీ లేదు" అని రాసిన కాగితం మీద సంతకం పెట్టేశాడు. ఆ కాగితం ఫైల్లో పెట్టడానికే నా దగ్గరకు తెచ్చాడు. "అన్నా, మీరు ఆఫీసులో పని చేసినోళ్లు, ఇది సరిగ్గా ఉందా చూడండి" అన్నాడు.

కాగితం సరిగ్గానే ఉంది. సంతకమే తొందరపడింది.

నేను లాయర్ని కాను. జీవితమంతా గుమాస్తాగా ఫైళ్లు కట్టినవాణ్ణి. అయితే ఫైలు చూస్తే ఏ కాగితం లేదో కనిపెట్టే అలవాటు పోలేదు. ఆ తమ్ముడి ఫైల్లో బిల్లులున్నాయి, డెలివరీ చలాన్లున్నాయి, ఫోను మెసేజీల ప్రింట్లు కూడా ఉన్నాయి. లేనిదల్లా ఒక్కటే, అతని హక్కు ఏమిటో చెప్పే కాగితం. అది ఎక్కడ దొరుకుతుందని వెతకబోతే తెలిసిన సంగతులే ఈ వ్యాసం.

చట్టం ఏం చెబుతోంది?

2006లో పార్లమెంటు చేసిన సూక్ష్మ, చిన్న, మధ్యతరహా సంస్థల అభివృద్ధి చట్టం ఉంది. అందులో 15వ సెక్షన్ ప్రకారం సూక్ష్మ సంస్థ లేదా చిన్న సంస్థ దగ్గర సరుకు గాని, సేవ గాని తీసుకున్నవారు, రాతపూర్వకంగా ఒప్పుకున్న తేదీలోగా డబ్బు కట్టాలి. ఆ తేదీ 45 రోజులు దాటకూడదు. రాతపూర్వక ఒప్పందం లేకపోతే 15 రోజుల్లో కట్టాలి. కట్టకపోతే 16వ సెక్షన్ ప్రకారం రిజర్వు బ్యాంకు ప్రకటించే బ్యాంకు రేటుకు మూడింతల వడ్డీ పడుతుంది. అదీ నెలనెలా అసలులో కలిసే చక్రవడ్డీ. గొడవ వస్తే 18వ సెక్షన్ కింద ఫెసిలిటేషన్ కౌన్సిల్‌కు వెళ్లవచ్చు. కౌన్సిల్ ఇచ్చిన తీర్పును కొనుగోలుదారు కోర్టులో సవాలు చేయాలంటే, 19వ సెక్షన్ ప్రకారం ఆ మొత్తంలో 75 శాతం ముందు డిపాజిట్ చేయాలి.

దీనికి తోడు ఆదాయపు పన్ను చట్టంలో 43బి (హెచ్) అనే నిబంధన 2024 ఏప్రిల్ 1 నుంచి అమలులోకి వచ్చింది. సూక్ష్మ, చిన్న సంస్థలకు గడువులోగా కట్టని సొమ్మును కొనుగోలుదారు ఆ ఏడాది ఖర్చుగా చూపించుకోలేడు. నిజంగా కట్టిన ఏడాదే చూపించుకోవాలి.

ఇంత బలమైన చట్టం ఉండగా తమ్ముడు సగానికి ఎందుకు ఒప్పుకున్నాడు? అతను ఉద్యమ్ నమోదు చేయించుకున్నది ఆ ఆర్డరు తీసుకున్న తరువాత. "ఒప్పందం నాటికి నమోదు లేదు కాబట్టి ఈ చట్టం నీకు పనికిరాదు" అని లాయరు చెప్పాడు. లాయరు తప్పు చెప్పలేదు. 2021లో సిల్పి ఇండస్ట్రీస్ కేసులో సుప్రీంకోర్టు దాదాపు అదే మాట చెప్పింది. 2022 అక్టోబరులో మహాకాళి ఫుడ్స్ కేసులోనూ అదే దారిలో నడిచింది.

అయితే కథ అక్కడ ముగియలేదు. చట్టంలో 2వ సెక్షన్ 'సరఫరాదారు' అంటే మెమొరాండం దాఖలు చేసిన సూక్ష్మ లేదా చిన్న సంస్థ అంటుంది. 8వ సెక్షన్ మాత్రం సూక్ష్మ, చిన్న సంస్థలు ఆ మెమొరాండం దాఖలు చేయడం వాటి ఇష్టం అంటుంది. ఈ రెండు మాటలకూ పొత్తు ఎలా కుదురుతుంది? 2025 జనవరిలో ఎన్‌బీసీసీ కేసులో సుప్రీంకోర్టు ధర్మాసనం ఒకటి, ఒప్పందానికి ముందే నమోదు ఉండి తీరాలన్న షరతు చట్టంలో లేదనే అభిప్రాయానికి వచ్చి, పాత తీర్పులున్నాయి గనుక విషయాన్ని పెద్ద ధర్మాసనానికి పంపింది. అంటే తలుపు పూర్తిగా మూసుకుపోలేదు. మన తమ్ముడు సంతకం పెట్టింది అంతకు కొన్ని నెలల ముందు.

ఇదంతా ముందే తెలిసి ఉంటే పూర్తి డబ్బు వచ్చేదని నేను అనను. కానీ తెలిసి రాజీపడటం వేరు, తెలియక రాజీపడటం వేరు.

మూడు రకాల కాగితాలు

న్యాయ విషయాల్లో మనకు కావలసిన కాగితాలు మూడు రకాలు. ఒకటి చట్టం పాఠం. రెండోది కోర్టు తీర్పు. మూడోది ఆ రెండింటినీ కలిపి చదివి, ఎక్కడ పొసగడం లేదో, రేపు ఎటు తిరగవచ్చో చెప్పే పరిశోధన వ్యాసం. మొదటి రెండూ ఈనాడు ఉచితం. మూడోదే చాలావరకు తాళం వేసి ఉంది.

నేను ఉద్యోగంలో ఉన్న రోజుల్లో మొదటి రెండూ కూడా సులభంగా దొరికేవి కావు. తమిళ అభ్యసన చట్టం 2006లో వచ్చాక, పదో తరగతి పరీక్షల్లో మన పిల్లల మాతృభాష సంగతి ఏమవుతుందని మనమంతా ఆందోళన పడ్డాం. అప్పట్లో ఒక కోర్టు ఉత్తర్వు నకలు కావాలంటే చెన్నైలో తెలిసినవాళ్లను పట్టుకుని, జెరాక్స్ తీయించి, బస్సులో తెప్పించుకునేవాళ్లం. ఇప్పుడు ఫోనులో చదువుతున్నాం. ఈ మార్పు ఊరికే రాలేదు.

తీర్పులు ఎవరి సొత్తు అన్న ప్రశ్న మీద మన దేశంలో పెద్ద వ్యాజ్యమే నడిచింది. ఈస్టర్న్ బుక్ కంపెనీ, డి.బి. మోదక్ కేసులో సుప్రీంకోర్టు 2007 డిసెంబరు 12న తీర్పు చెప్పింది. తీర్పు మూలపాఠం మీద ఎవరికీ కాపీరైటు లేదు, అది ప్రజలది. ప్రచురణకర్త తన బుద్ధి, శ్రమ పెట్టి చేర్చిన పేరా విభజన, వ్యాఖ్యల వంటివాటి మీదనే హక్కు ఉంటుందని దాని సారాంశం. కాపీరైటు చట్టం 52వ సెక్షన్ కూడా, కోర్టు ప్రత్యేకంగా నిషేధిస్తే తప్ప, తీర్పులను తిరిగి ప్రచురించడం తప్పు కాదనే చెబుతుంది.

ఆ మరుసటి నెలలోనే, 2008 జనవరిలో, సుశాంత్ సిన్హా అనే కంప్యూటరు ఇంజనీరు ఇండియన్ కానూన్ ప్రారంభించారు. చట్టాలనూ తీర్పులనూ కలిపి, ఒక సెక్షన్ మీద నొక్కితే దానిని చర్చించిన తీర్పులన్నీ వచ్చేలా చేశారు. అమెరికాలో కార్నెల్ విశ్వవిద్యాలయం 1992లోనూ, ఆస్ట్రేలియాలో ఆస్ట్‌లీ 1995లోనూ ఇలాంటి పని మొదలుపెట్టాయి. 2002లో మాంట్రియల్‌లో కలిసిన ఇలాంటి సంస్థలన్నీ, ప్రజా సంస్థల నుంచి వచ్చే న్యాయ సమాచారం మానవాళి ఉమ్మడి వారసత్వం అని ప్రకటించాయి.

ప్రభుత్వం, కోర్టులూ వెనకబడలేదు. కేంద్ర, రాష్ట్ర చట్టాలు ఇండియా కోడ్‌లో ఉచితంగా ఉన్నాయి. 2023 జనవరి 2న సుప్రీంకోర్టు తన అధికారిక తీర్పుల సంపుటాలను ఈ-ఎస్‌సీఆర్ పేరుతో ఉచితంగా తెరిచింది. మొదటి రోజే సుమారు 34,000 తీర్పులున్నాయి. అదే నెల గణతంత్ర దినం నుంచి తెలుగుతో సహా పలు భాషల్లో అనువాదాలు పెట్టడం మొదలైంది. ఆ ఏడాది జూన్‌లో తెలంగాణ హైకోర్టు ఒక ఆస్తి తగాదాలో తీర్పును తెలుగులోనే ఇచ్చిందని విన్నప్పుడు, సరిహద్దు ఇవతల ఉన్న మాకు కూడా ఇంట్లో శుభకార్యం జరిగినంత సంతోషం కలిగింది.

మూడో కాగితానికి తాళం ఎందుకు?

న్యాయ కళాశాల అధ్యాపకుడు ఒకరు రెండేళ్లు కష్టపడి వ్యాసం రాస్తారు. జీతం చాలాసార్లు ప్రభుత్వ సొమ్ము. దానిని పత్రికకు పంపిస్తారు. రాసినందుకు పత్రిక సాధారణంగా డబ్బు ఇవ్వదు. ఆ వ్యాసాన్ని పరిశీలించి బాగోగులు చెప్పే తోటి పండితులకూ మామూలుగా ఏమీ ఇవ్వదు. అచ్చయ్యాక హక్కులు ప్రచురణ సంస్థ చేతికి వెళతాయి. తరువాత అదే విశ్వవిద్యాలయం గ్రంథాలయం ఆ పత్రికను చందా కట్టి కొనుక్కోవాలి. చందా లేని మనలాంటివారు ఒక్క వ్యాసం చదవాలన్నా ముప్పై, నలభై డాలర్లు అడిగే పత్రికలున్నాయి. మన పొలంలో పండిన మామిడిని మండీకి ఊరికే తోలి, సాయంత్రం అదే పండును మనమే వెలకు కొనుక్కున్నట్టు.

ప్రచురణ సంస్థల పక్షం కూడా చెప్పాలి. వ్యాసాలు ఏరడానికి, దిద్దడానికి, భద్రపరచడానికి ఖర్చవుతుంది. ఆ ఖర్చు లేదని ఎవరూ అనరు. అది ఎవరు భరించాలి, ఎంత భరించాలి అన్నదే వాదం.

వైద్యం, సైన్సు విషయాల్లో ఈ వాదం గట్టిగా నడిచింది. 2002లో బుడాపెస్ట్ ప్రకటనతో 'ఓపెన్ యాక్సెస్' అన్న మాట స్థిరపడింది. తెలుగులో అరమరికలేని అందుబాటు అనుకుందాం. న్యాయశాస్త్రం వైపు 2009లో డర్హమ్ ప్రకటన వచ్చింది. అమెరికాలోని పేరున్న న్యాయ కళాశాలల గ్రంథాలయాధిపతులు కలిసి, కళాశాలలు తమ పత్రికలను అందరూ చదివేలా ఇంటర్నెట్‌లో శాశ్వతంగా ఉంచాలని కోరారు.

అందుబాటుకు మూడు దారులున్నాయి. మొదటిది, పత్రికలో తాళం ఉన్నా, రచయిత తన చేతి ప్రతిని విశ్వవిద్యాలయ భాండారంలోనో, ఎస్ఎస్ఆర్ఎన్ వంటి చోటో ఉంచడం. దీన్ని ఆకుపచ్చ దారి అంటారు. రెండోది, ప్రచురణ రుసుం రచయితో, అతని సంస్థో కట్టేసి, పాఠకుడికి ఉచితం చేయడం. ఇది బంగారు దారి. మూడోది, రచయితా కట్టనక్కర లేదు, పాఠకుడూ కట్టనక్కర లేదు, సంస్థే ఖర్చు భరిస్తుంది. దీనికి వజ్రపు దారి అని పేరు.

మనకు దగ్గరి ఉదాహరణ బెంగళూరు నాగరభావిలోని నేషనల్ లా స్కూల్. మన సరిహద్దు దాటితే రెండు గంటల ప్రయాణం. అక్కడి విద్యార్థులు నడిపే నేషనల్ లా స్కూల్ ఆఫ్ ఇండియా రివ్యూ, వ్యాపార న్యాయం కోసమే ఉన్న బిజినెస్ లా రివ్యూ, ఆ సంస్థ భాండారంలో ఎవరైనా ఉచితంగా చదవవచ్చు. కంపెనీ చట్టం, దివాలా చట్టం, మధ్యవర్తిత్వం, పోటీ చట్టం వంటి విషయాల మీద వ్యాసాలుంటాయి.

ఒకే దేశం, ఒకే చందా – మనకు వర్తిస్తుందా?

2024 నవంబరు 25న కేంద్ర మంత్రివర్గం 'వన్ నేషన్ వన్ సబ్‌స్క్రిప్షన్' పథకానికి ఆమోదం తెలిపింది. 2025 నుంచి మూడేళ్లకు 6,000 కోట్ల రూపాయలు. 30 ప్రచురణ సంస్థలకు చెందిన దాదాపు 13,000 పత్రికలను, 6,300కు పైగా ప్రభుత్వ విద్యా, పరిశోధనా సంస్థల్లో చదువుకోవచ్చు. మంచి పని. కృష్ణగిరి జిల్లాలోని చిన్న ఊరి నుంచి ప్రభుత్వ కళాశాలకు వెళ్లే పిల్లకు కూడా, ఆ కళాశాల పథకంలో ఉంటే, ఐఐటీ విద్యార్థికి దొరికే పత్రికలే దొరుకుతాయి.

కానీ ఇది చందా పథకం, తాళం తీసే పథకం కాదు. సిప్కాట్ తమ్ముడు ఆ గేటు లోపల లేడు. బర్గూరు దారిలో గ్రానైట్ పాలిష్ పట్టేవారు, కృష్ణగిరిలో మామిడి గుజ్జు తీసేవారు, హొసూరు కోర్టులో ప్రాక్టీసు చేసే చిన్న లాయరు, ప్రైవేటు కళాశాల విద్యార్థి, రిటైరైన నేను, ఎవ్వరమూ లేము. వాణిజ్య న్యాయం ఎవరి బతుకును తాకుతుందో వాళ్లే గేటు బయట ఉన్నారు. అందుకే చందా పెరిగితే చాలదు, అందరికీ తెరిచి ఉంచే పత్రికలు పెరగాలి.

చదవడం ఒకటి, తెలుగులో పెట్టడం ఇంకొకటి

భాషా అల్పసంఖ్యాకులమైన మనం ఇంకొక సంగతి గమనించాలి. ఉచితంగా చదవనిచ్చిన ప్రతి వ్యాసాన్నీ మనం అనువదించి పంచలేము. అనువాద హక్కు కూడా కాపీరైటులో భాగమే. వ్యాసం చివర 'క్రియేటివ్ కామన్స్' అనే అనుమతి గుర్తు ఉందేమో చూడండి. 'బీవై' అని మాత్రమే ఉంటే రచయిత పేరు చెప్పి అనువదించుకోవచ్చు. 'ఎన్‌సీ' ఉంటే వ్యాపారానికి వాడకూడదు, సంఘం ఉచితంగా పంచవచ్చు. 'ఎన్‌డీ' ఉంటే మార్చిన రూపాన్ని పంచకూడదు, అనువాదం కూడా అందులోకే వస్తుంది. ఏ గుర్తూ లేకపోతే రచయితకూ పత్రికకూ రాసి అనుమతి అడగాలి. అడిగితే కాదనేవారు తక్కువ.

చట్టాల విషయంలో దారి ఇంకా సులువు. కాపీరైటు చట్టం 52వ సెక్షన్ ప్రకారం, ఒక చట్టానికి ప్రభుత్వం ఆ భారతీయ భాషలో అనువాదం ప్రచురించి ఉండకపోతే, లేదా ప్రచురించినా ప్రజలకు అమ్మకానికి దొరకకపోతే, ఎవరైనా అనువదించవచ్చు. అయితే ఇది ప్రభుత్వం ప్రామాణికంగా ఆమోదించిన అనువాదం కాదని బాగా కనిపించేచోట రాయాలి. అంటే 45 రోజుల నిబంధనను మనవాళ్లకు అర్థమయ్యే తెలుగులో పెట్టడానికి చట్టమే దారి వదిలింది.

వెతికే పద్ధతి

మా సంఘంలో మేము పాటిస్తున్న వరుస ఇది. ఫోను ఉన్న పిల్లలెవరైనా ఇంట్లో చేసిపెట్టగలరు.

1. ముందు ఇండియా కోడ్‌లో చట్టం చదవండి. సవరణలు కలిపిన తాజా పాఠమా అని చూడండి.

2. ఇండియన్ కానూన్‌లో ఆ సెక్షన్ మీద వచ్చిన తీర్పులు చూడండి. ముఖ్యమైన తీర్పు దొరికితే, సుప్రీంకోర్టుది అయితే ఈ-ఎస్‌సీఆర్‌లో అధికారిక ప్రతిని తీసుకోండి. తెలుగు అనువాదం ఉందేమో కూడా అక్కడే చూడండి.

3. ఆ తీర్పు పేరుతో గూగుల్ స్కాలర్‌లో వెతికితే వ్యాసాలు వస్తాయి. పత్రిక డబ్బు అడిగితే అక్కడే ఆగిపోకండి. అదే వ్యాసం పేరుతో ఎస్ఎస్ఆర్ఎన్‌లోనూ, రచయిత పనిచేసే విశ్వవిద్యాలయం భాండారంలోనూ వెతకండి.

4. పిహెచ్‌డీ సిద్ధాంత గ్రంథాల కోసం శోధగంగ చూడండి. ఉచిత పత్రికల జాబితా కావాలంటే 2003 నుంచి నడుస్తున్న డీఓఏజే చూడండి.

5. ఎక్కడా దొరక్కపోతే రచయితకు మర్యాదగా ఒక ఈమెయిలు రాయండి. మేము రాసిన చోట్ల ఎక్కువమంది తమ ప్రతిని పంపించారు.

జాగ్రత్తలు

ఉచితమైనదంతా మంచిదని అనుకోవద్దు. డబ్బు కడితే ఏది పంపినా వారంలో అచ్చువేసే దొంగ పత్రికలున్నాయి. సంపాదక వర్గంలో ఎవరున్నారు, ఏ సంస్థ నడుపుతోంది చూసుకోండి. వ్యాసం తేదీ తప్పక చూడండి. 2023లో రాసిన వ్యాసానికి 2025 తీర్పు తెలియదు. కంప్యూటరు సాయంతో చేసిన తెలుగు అనువాదం అర్థం చేసుకోవడానికే, కోర్టులో చెల్లేది ఇంగ్లీషు మూలమే. చిల్లర, టోకు వ్యాపారులు కూడా ఒక మాట గుర్తుంచుకోవాలి. 2021 జూలై నుంచి వారికి ఉద్యమ్ నమోదు ఉన్నా, అది బ్యాంకుల ప్రాధాన్య రుణాలకు మాత్రమే ఉద్దేశించింది. నమోదు కాగితం చేతిలో ఉంది గదా అని 45 రోజుల నిబంధన తమకూ వర్తిస్తుందనుకోకూడదు.

అన్నిటికంటే ముఖ్యమైనది, వ్యాసం లాయరుకు బదులు కాదు. లాయరు దగ్గరకు వెళ్లేముందు చదువుకోవడానికే. చదువుకుని వెళ్లిన కక్షిదారు సరైన ప్రశ్న అడుగుతాడు. మంచి లాయరు ఆ ప్రశ్నకు సంతోషిస్తాడు.

మనం చేయగలిగింది

మన ఇళ్ల నుంచి లా చదువుతున్న పిల్లలు ఇప్పుడు బెంగళూరులో, చెన్నైలో, హైదరాబాదులో ఉన్నారు. వారికి నా విన్నపం ఒకటే. మీరు వ్యాసం రాస్తే హక్కులన్నీ రాసిచ్చేముందు ఒప్పందం చదవండి. మీ ప్రతిని అందరికీ అందేచోట ఉంచుకునే హక్కు అట్టిపెట్టుకోండి. వీలైతే ఒక పేజీ సారాంశం తెలుగులో రాసి మన సంఘానికి పంపండి. మీ తాతలు ఈ నేలమీద తెలుగు నిలబెట్టింది పండుగ పాటలకు మాత్రమే కాదు గదా. బాకీ కాగితం చదవడానికి కూడా ఆ తెలుగు పనికిరావాలి.

మేము సంఘం బీరువాలో ఒక కొత్త ఫైలు తెరిచాం. మొదటి కాగితం 2006 చట్టంలోని 15 నుంచి 19 వరకు సెక్షన్లకు తెలుగు అనువాదం, పైన ఎర్ర అక్షరాల్లో ఇది ప్రభుత్వ ఆమోదం పొందిన అనువాదం కాదనే గమనిక. రెండో కాగితం ఎన్‌బీసీసీ తీర్పు సారాంశం. పెద్ద ధర్మాసనం తీర్పు వచ్చిన రోజు దానిని మూడో కాగితంగా చేరుస్తాం.

ఆ ఫైలు చూసి లేత్ వర్క్‌షాపు తమ్ముడు అన్నమాట ఇది: "నాకు ఆలస్యమయింది అన్నా. పక్క షెడ్డు వాడికి ఇంకా డబ్బు రాలేదు, వాణ్ణి పంపిస్తా." పక్క షెడ్డు అతను మరుసటి వారమే వచ్చాడు. సంతకం పెట్టకముందే వచ్చాడు.

మీలో ఎవరి చేతిలోనైనా అలాంటి కాగితం ఉంటే, సంతకానికి ముందు ఒకసారి సంఘానికి రండి. కలిసి చదువుదాం.